కార్బైన్ శ్యామలాదేవి

శ్యామలాదేవిగారితో ఏ సంగతి మొదలుపెట్టినా అది చివరికి కార్బైన్ దగ్గరికే చేరుతుంది. కార్బైన్ అంటే పొట్టి రైఫిల్. అది కూడా మామూలు కార్బైన్ కాదు, పిస్తోలు తూటాతో పేలేది. వాన గురించి అడగండి, వంకాయకూర గురించి అడగండి, కోబాల్ ప్రోగ్రాము మధ్యలో ఎందుకు ఆగిపోయిందో అడగండి. నాలుగో మాటకల్లా కార్బైన్ భుజానికెక్కుతుంది.

కంగారు పడకండి. ఆవిడ జన్మలో నిజం తుపాకీ ముట్టుకోలేదు. దీపావళికి కాకరపువ్వొత్తిని కూడా మొహం పక్కకి తిప్పుకుని వెలిగించే మనిషి. ఆ కాల్పులన్నీ కంప్యూటర్ ఆటలోనే.

అది రెండువేల సంవత్సరం. సంవత్సరం అంకె మారగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న వై టు కే భూతం వచ్చినట్టే వచ్చి వెళ్లిపోయింది. దాన్ని తరమడానికి సింగపూరు వచ్చిన మేం మాత్రం ఉండిపోయాం. సంతలో బెండకాయలు ఏరుకున్నట్టు కంపెనీలు మనుషుల్ని ఏరుకుంటున్న రోజులు. వారమంతా చాంగీ బిజినెస్ పార్కులో బ్యాంకు ప్రోగ్రాములు. శనివారం మధ్యాహ్నమైతే జురాంగ్ వెస్ట్‌లో లిమ్ అంకుల్ గేమ్ షాపు. వరసగా కంప్యూటర్లు, అన్నిటినీ కలుపుతూ ఒకే నెట్‌వర్కు. రెండు జట్లుగా కూర్చుని సాయంత్రందాకా ఒకరినొకరు కాల్చుకోవడం మా పని.

మాకందరికీ పాతికేళ్లు. శ్యామలా ఆంటీకి యాభై దాటాయి. కాకినాడావిడ, మా ఆఫీసులోనే సీనియర్ ప్రోగ్రామరు. భర్త మధుసూదనరావుగారు తువాస్‌లో ఓడల యార్డులో ఇంజనీరు. ఆయనకి శనివారం కూడా డ్యూటీయే. ఒక శనివారం ఆంటీ మాకు పులిహోర ఇద్దామని షాపుకి వచ్చింది. కాళ్లు నొప్పులని ఖాళీ కుర్చీలో కూర్చుంది. ఆ కూర్చోవడం కూర్చోవడమే! గంజి పెట్టిన నేతచీర కొంగు బొడ్లో దోపి, కళ్లజోడు ముక్కు చివరికి జార్చి ఆవిడ మౌసు పడితే, పక్క బల్లల మీది చైనా కుర్రాళ్లు తమ ఆట మానేసి చూసేవాళ్లు.

ఆట నియమం తేలికే. మొదట అందరి చేతిలోనూ పిస్తోలే ఉంటుంది. పాయింట్లు వచ్చేకొద్దీ పెద్ద తుపాకులు దొరుకుతాయి. మేమంతా పాయింట్లు రాగానే రైఫిల్‌కి ఎగబడేవాళ్లం. ఆంటీకి అందరికంటే ఎక్కువ పాయింట్లు వచ్చినా సరే, కార్బైనే తీసుకునేది.

మా కెప్టెన్ కృష్ణప్రసాద్‌కి ఒళ్లు మండిపోయేది.

"ఆంటీ, అది అటు రైఫిలూ కాదు, ఇటు పిస్తోలూ కాదు. దూరం పోదు. దేనికండీ అది?"

"దేనికా? భుజానికి ఆనించుకుని రెండు చేతులా పట్టుకోవచ్చు. గురి కదలదు. గొట్టం పొడుగు కాబట్టి అదే తూటా పిస్తోల్లోంచి కంటే జోరుగా పోద్ది. పైగా తన్నదు. నీ రైఫిల్ తన్నుడికి నువ్వు కాల్చే మూడో తూటా ఎప్పుడూ ఇంటికప్పుకే కదయ్యా తగిలేది!"

అది నిజమే. మా కృష్ణప్రసాద్ కాల్చినన్ని కప్పులు సింగపూర్‌లో ఇంకెవరూ కాల్చి ఉండరు.

"అన్నిటికంటే ముఖ్యం, పిస్తోలుకీ దీనికీ ఒకటే తూటా. అది గుర్తుంచుకో" అని ముగించేది ఆంటీ. అంత ముఖ్యం ఎందుకైందో మేమెవరం అడగలేదు.

ఈ 'ఒకటే తూటా' సిద్ధాంతం ఇంట్లో కూడా అమలయ్యేది. ఒకసారి మధుసూదనరావుగారు కొత్త టార్చిలైటు కొనుక్కొచ్చారు. ఆంటీ దాన్ని విప్పి చూసి అక్కడికక్కడే తిరిగి చేతిలో పెట్టింది.

"రేడియో బ్యాటరీ దీనికి పట్టదండి. మార్చి తీసుకురండి."

"టార్చికి రేడియో బ్యాటరీ ఎందుకే?"

"కార్బైన్‌కి పిస్తోలు తూటా ఎందుకో దీనికీ అందుకే."

ఆయన మళ్లీ చెప్పులు వేసుకున్నారు. "మీరంతా శనివారమే వింటారు బాబూ" అన్నారు నాతో ఒకసారి. "నేను మిగతా ఆరు రోజులూ వింటాను."

రైల్లో అయితే మరీ తమాషా. బూన్‌లే నుంచి తనా మేరా దాకా ప్రయాణం. జనం కిక్కిరిసి ఉంటారు. ఆంటీ పైకడ్డీ పట్టుకుని గట్టిగా తెలుగులో ఉపన్యాసం మొదలెట్టేది. తెలుగు ఎవరికీ తెలియదు గానీ కార్బైన్, బుల్లెట్, షూట్ అనే మాటలు అందరికీ తెలుసు. మా చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కొక్కరే లేచి పక్క పెట్టెలోకి నడిచేవాళ్లు. ఆంటీ తాపీగా సీట్లో కూర్చుని, "చూశావా చక్రధర్, కార్బైన్ ఎంత ఉపయోగమో!" అనేది నాతో.

ఆ ఏడాది బిజినెస్ పార్కు కంపెనీలన్నీ కలిసి పోటీ పెట్టాయి. షాపు లిమ్ అంకుల్‌దే. మేం ఫైనల్‌కి చేరాం! ఎదురుజట్టు మా పక్క బిల్డింగువాళ్లు. రోజూ లిఫ్టులో మమ్మల్ని చూసి వేళ్లతో తుపాకీ చూపించే బాపతు. కప్పు తెస్తానని కృష్ణప్రసాద్ డైరెక్టరుకి మాట కూడా ఇచ్చేశాడు. సరిగ్గా ఆ ఉదయమే మా రమణని క్లయింటు ఆఫీసుకి పిలిచారు. ఒక మనిషి తక్కువ.

"ఇదుగో మనిషి" అంటూ ఆంటీ ఒక అమ్మాయిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. పేరు ఈరమ్మ, ఊరు ఆదోని. ఆఫీసులో కొత్తగా చేరింది. ఆ పిల్ల గొంతు ఎలా ఉంటుందో మాలో ఎవరికీ తెలియదు.

"ఆంటీ, ఈమెకి ఆట వచ్చా?" అన్నాడు కృష్ణప్రసాద్.

"రాదు. నేనున్నాగా."

ఆఖరి రౌండ్. షాపంతా ఒకటే కేకలు. పది నిమిషాల్లో కృష్ణప్రసాద్ కప్పు మీద తూటాలన్నీ ఖర్చుపెట్టి చచ్చాడు. తర్వాత నేనూ పోయాను. మా జట్టులో మిగిలింది ఆంటీ, ఈరమ్మ. అటు ముగ్గురు. మేం పరుగున వెళ్లి ఆంటీ కుర్చీ వెనక నిలబడ్డాం.

తెరమీద ఈరమ్మ ఒక గోడ చాటున ఉంది. పిస్తోలు టక్‌మంది, అంతే.

"అయిపాయ ఆంటీ! తూటాల్లేవు!"

"కాళ్ల దగ్గర చూడవే."

తూటాల కుప్ప! ఆంటీ తన కార్బైన్ తూటాలు మొత్తం అక్కడ పడేసింది.

"ఆంటీ! ఏం చేస్తున్నారు?" కృష్ణప్రసాద్ నెత్తి పట్టుకున్నాడు.

"నోరు ముయ్యవయ్యా! ఈరమ్మా, అన్నీ ఎత్తుకో. నేను బయటికి పరిగెడతాను. నన్ను కాల్చడానికి వాళ్లు తలలు బయటపెడతారు. అప్పుడు చూస్కో."

ఖాళీ కార్బైన్ ఎత్తి పట్టుకుని ఆంటీ మైదానం మధ్యలోకి ఉరికింది. మూడు వైపులనుంచీ కాల్పులు. ఆంటీ పడిపోయింది. ఈరమ్మ పిస్తోలు పేలింది. ఒకడు పడ్డాడు! షాపు అదిరిపోయింది. ఇంకొకడు! లిమ్ అంకుల్ గల్లాపెట్టె వదిలేసి వచ్చాడు.

"యాడ దాక్కుంటివిరా? రారా బయటికి!" అని ఈరమ్మ కుర్చీలోంచి లేచి అరిచింది. మూడోవాడు నిజంగానే వచ్చాడు. ఇద్దరూ ఒకేసారి కాల్చారు. వాడి తూటా వెంట్రుకవాసి ముందు తగిలింది.

ఓడిపోయాం.

"ఆంటీ, ఆ తూటాలు మీరే కాల్చి ఉంటే గెలిచేవాళ్లం!" అన్నాడు కృష్ణప్రసాద్ ఏడుపు గొంతుతో.

"గెలిచేవాళ్లమే" అంది ఆంటీ, కళ్లజోడు తుడుచుకుంటూ. తర్వాత గొంతు తగ్గించింది. "ఆ పిల్ల సోమవారం ఉద్యోగం మానేసి ఊరెళ్లిపోతానంది. ఇక్కడ తనతో మాట్లాడే దిక్కు లేదంట. ఒక్క ఆట ఆడి వెళ్లవే అని తీసుకొచ్చాను. ఖాళీ పిస్తోలుతో నిలబడి, మీ చేత తిట్లు తిని వెళ్లాలా? కొత్తగా వచ్చినవాళ్ల చేతిలో ఉండేది పిస్తోలే కదయ్యా. నీ రైఫిల్ తూటా అందులో పట్టదు. నాదైతే పడుతుంది."

మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. కొత్తలో నా పిస్తోలు ఖాళీ అయినప్పుడల్లా కాళ్ల దగ్గర తూటాలు దొరికేవి. నా జాతకం బాగుందనుకునేవాణ్ని.

"నాక్కూడా దొరికేవి" అన్నాడు కృష్ణప్రసాద్ నీళ్లు నములుతూ. "అది ఆటలో ఏదో బగ్ అనుకున్నాను."

"బగ్ కాదు నాయనా, నేనే" అంది ఆంటీ.

ఈ మాటలేవీ ఈరమ్మ చెవిన పడలేదు. ఎదురుజట్టు కెప్టెన్‌ని గోడకి నిలబెట్టి, మళ్లీ శనివారం వస్తావా రావా అని వచ్చీరాని ఇంగ్లీషులో నిలదీస్తోంది.

సోమవారం ఆ పిల్ల మేనేజరు గదివైపే వెళ్లలేదు. శనివారం మాత్రం మా అందరికంటే ముందు షాపులో ఉంది.

"ఆంటీ, వారమంతా ఆలోచన చేసినా. మీ కార్బైన్ ఏం బాగలేదు. షాట్‌గన్ అయితే ఒక్క దెబ్బకి తేలిపోతాది."

ఆంటీ కళ్లజోడు తీసింది. ఇన్నాళ్లకి తనతో వాదించే మనిషి దొరికిందన్న సంబరంతో ఆవిడ మొహం వెలిగిపోతోంది.

"షాట్‌గన్నా? కుర్చీ ఇటు లాక్కోవే. మొదట్నుంచీ చెబుతాను."

"మీరు చెప్పేది కాదాంటీ, నేను చెప్పేది వినండి ముందు!"

"ఆంటీ, మకాన్ ఫస్ట్ లా!" అని, ముందు భోంచెయ్యమని లిమ్ అంకుల్ మొత్తుకుంటూనే ఉన్నాడు. ఆ రోజు తిండీ లేదు, ఆటా మొదలవలేదు.