పోపు వాసన

మా ఆయనకు అన్నవాహికలో క్యాన్సర్ వచ్చింది. మంచినీళ్లు కూడా గొంతు దిగని పరిస్థితి వచ్చాక, వరంగల్ దవాఖానలో డాక్టరు పొట్ట మీద చిన్న రంధ్రం చేసి కడుపులోకి పైపు వేశారు. రాగి జావ, పాలు, వడగట్టిన పప్పుకట్టు పెద్ద సిరంజితో అందులోకి మెల్లగా పోసేదాన్ని. ఆయనకు కొంచెం సత్తువ వచ్చింది.

తినలేని మనిషి ముందు కూర వండటం పాపమనిపించింది నాకు. అందుకని పక్కింటి అక్క వంటింట్లో వండి, పిల్లలకు అక్కడే పెట్టి, నేనూ రెండు ముద్దలు తిని వచ్చేదాన్ని. ఒకరోజు సిరంజి కడుగుతుంటే ఆయన అడిగాడు.

“ఏమే, మనింట్ల పొయ్యి ముట్టిస్తలేవేంది?”

“నువ్వు తినలేవు గదా. నీ ముంగట ఎట్ల వండాలె?”

“తినుడు బందయింది గని ముక్కు మంచిగనే ఉన్నది. ఇల్లంత దవాఖాన వాసనొస్తాంది. మీరు నన్నిడిచిపెట్టి ఆడ తింటాంటే, నేను అప్పుడే పోయినట్టు అనిపిస్తాంది.”

ఆ సాయంత్రమే చింతచిగురు పప్పు వండి ఎల్లిపాయ పోపు పెట్టాను. ఆయన పైపును చొక్కా కింద సర్దుకుని, వంటింటి గడప దగ్గర కుర్చీ వేసుకున్నాడు.

“ఎల్లిపాయ జర మాడింది,” అన్నాడు సంతోషంగా.

ఆ తర్వాత ఆయన ఎక్కువ కాలం లేడు. ఉన్నన్నాళ్లూ అందరం ఒక్కచోటే కూర్చున్నాం. అంతకు ముందు పక్కింట్లో తిన్న ఆ పూటలే నన్ను ఇప్పటికీ బాధపెడతాయి. ఆయన ఒక్కడే పడుకుని, గోడ అవతల మా గిన్నెల చప్పుడు వింటూ ఉంటాడని నాకు తట్టనే లేదు.