పద్నాలుగు నెలల తేడా

నా వెన్నెముక పక్కకు వంగి ఉందని మొదట కనిపెట్టింది డాక్టరు కాదు, మా ఊళ్ళో జాకెట్లు కుట్టే ఆమె. అప్పుడు నేను తొమ్మిదో తరగతికి రావలసి ఉంది. ఓణీల ఫంక్షన్ కోసం కొలతలు తీసుకుంటూ, టేపు రెండుసార్లు వేసి చూసి, ఆమె అమ్మను అడిగింది.

"ఏందక్కా, నీ బిడ్డ కుడి బుజం ఒక వేలు మీదికున్నది. నా టేపు తప్పా, పిల్ల తప్పా?"

"సక్కగ నిలబడవే," అని అమ్మ నన్ను గదిమింది. నేను సక్కగానే నిలబడి ఉన్నాను.

మాది గరిడేపల్లి దగ్గరి పల్లె. అమ్మ నాట్లకు, కోతలకు కూలికి వెళ్ళేది. ఫంక్షన్ అయ్యాక సూర్యాపేటలో ఎక్స్‌రే తీయించాం. వంపు ఇరవై మూడు డిగ్రీలు. ఇప్పటికి వ్యాయామం చాలునని, ఎదుగుదల ఆగేలోపు వంపు నలభై ఐదు దాటితే మాత్రం ఆపరేషన్ గురించి ఆలోచించాలని ఎముకల డాక్టరు చెప్పి, మిర్యాలగూడలోని ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపారు. అంత పొడుగు మాటలో అమ్మకు వినబడింది ఆపరేషన్ ఒక్కటే.

ఫిజియోథెరపిస్టు కోదాడ వైపు మనిషి. ఎక్స్‌రేను వెలుగుకెత్తి చూసి నిరాశపడ్డారు. తుంటి ఎముక పై అంచు చూస్తే ఎదుగుదల ఇంకా ఎంత మిగిలిందో చెప్పవచ్చు. మా ఫిల్ము ఆ అంచు దాకా రాకుండా పైనే ఆగిపోయింది. పిల్లకు మళ్ళీ ఎక్స్‌రే ఎందుకని, ఆయన రెండో ఆధారం అడిగారు.

"అమ్మాయి పెద్దమనిషి ఎప్పుడయిందమ్మా?"

"మొన్న ఎండకాలమే సారూ. రెండు నెలలాయె."

అది ఫంక్షన్ జరిగిన తేదీ. అసలు సంగతి దానికి పద్నాలుగు నెలల ముందు, యాసంగి కోతలప్పుడు జరిగింది. అంతకు పది రోజుల ముందే తాత పోయాడు. చావు జరిగిన ఇంట్లో ఏడాదిపాటు శుభకార్యం చేయకూడదు. ఏడాది మాసికం అయ్యాక మూఢం వచ్చింది. అంతదాకా ఎవరికీ తెలియనివ్వలేదు. "ఎవలన్న అడిగితే ఈ యేడే అని చెప్పు" అని అమ్మ నాకు నేర్పింది. ఊరందరికీ చెప్పీ చెప్పీ చివరికి ఆమెకు కూడా అదే నిజమైపోయింది. సారు కాగితం మీద లెక్క వేశారు. తొలి ముట్టు తర్వాత ఆడపిల్లలు సుమారు రెండేళ్ళు ఎదుగుతారు కనుక, ఇంకా ఇరవై రెండు నెలలు. అసలు లెక్క ఎనిమిది నెలలు. నేను నోరు విప్పలేదు. అప్పుడది సిగ్గు మాత్రమే.

వ్యాయామం చెప్పడానికి సులభం. అద్దం ముందు పీట మీద, రెండు తుంట్లూ సమంగా ఆనేలా కూర్చోవాలి. నడుము నుంచి తలదాకా పైకి సాగాలి. వెన్ను కుడికి వంగి, మెలితిరిగి ఉండడం వల్ల కుడి పక్కటెముకలు వెనక్కి ఉబ్బుతాయి, ఎడమవి లోపలికి పోతాయి. ఆ లోతట్టు చోటికి ఊపిరిని పంపి, అక్కడి ఎముకలను లోపలి నుంచి విప్పాలి. చోటు తెలియడానికి వెనుక నుంచి ఒకరు అక్కడ అరచెయ్యి ఆనించాలి. రోజూ అరగంట, ఎదుగుదల ఆగేదాకా.

"గాలి ముక్కుల నుంచి పోయి వీపులకు వస్తదా సారూ? ఇది టైరా, పిల్లనా?" అంది అమ్మ.

"చెయ్యి పెట్టి చూడండి, మీకే తెలుస్తుంది."

పెట్టింది. మూడో ఊపిరికి ఆమె చెయ్యి కొద్దిగా కదిలింది. "వచ్చింది!" అని ఎంత గట్టిగా అరిచిందంటే, బయట బెంచీ మీద మోకాళ్ళ నొప్పులవాళ్ళు లోపలికి తొంగిచూశారు.

ఆ మరుసటి రోజు నుంచి పొద్దున ఐదున్నరకు పీట. పడుకుని చేసేటప్పుడు కుడి ఉబ్బు కింద పెట్టే సంచిలో ఇసుక పోయమని సారు అన్నారు. అమ్మ బియ్యం పోసి కుట్టింది. ఇసుక చల్లగా తగులుతుందట. నేను పుట్టిన తర్వాత అమ్మ నన్ను అంతసేపు తాకిన కాలం నాకు గుర్తు లేదు. తల దువ్వడం, చెంప మీద ఒకటి వేయడం, జ్వరం చూడడం, అన్నీ క్షణాల పనులు. ఇక్కడ అరగంట. నాట్ల రోజుల్లో ఆ అరచెయ్యి బురదనీళ్ళకు నాని, గీతలు పగిలి ఉండేది. "నా చెయ్యి కాడికి తే బిడ్డా, ఇంకా జర, ఇంకా జర" అనేది. నేను తెచ్చేదాన్ని. ఎనిమిదో నెల దాటిందని నాకు తెలుసు. అప్పుడు నోరు విప్పకపోవడం సిగ్గు కాదు.

కూలీల ఆటో ఆరింటికి మూలమలుపు దగ్గర ఆగేది. అమ్మ రోజూ కొంగు దోపుకుంటూ పరుగెత్తేది. నేను గుమ్మంలో నిలబడి ఆటోలోవాళ్ళ మాటలు వినేదాన్ని.

"దొరసాని లెక్క వస్తున్నవ్. నీ బిడ్డ వీపు ఇంకెన్నేండ్లు నిమురుతవే? పెండ్లయినంక అల్లునికి అప్పజెప్తవా?"

"అల్లునికి నేర్పినంకనే పిల్లనిస్త, జరుగు," అనేది అమ్మ.

రెండో ఏడు యాసంగి నాట్లప్పుడు ఒక పొద్దున ఆటో ఆగలేదు. ఆ రోజు నేరేడుచర్ల వైపు పొలం. అమ్మ కాలువ కట్ట వెంట నడిచి వెళ్ళేసరికి సగం మడి నాటేశారు. రేపటి నుంచి ఆరింటికి లేకపోతే ఇంకొకరిని చూసుకుంటామని ముఠా పెద్దామె చెప్పింది. అమ్మ రాత్రి అన్నం తింటూ, "ఐదింటికే కూసుందాం తియ్," అంది. ఆమె మూడున్నరకు లేస్తేనే అది కుదురుతుంది.

తరువాతి సోమవారం మిర్యాలగూడలో సారు నా ఎత్తు కొలిచారు. నూట యాభై రెండు పాయింట్ నాలుగు. అంతకు ముందు రెండు కొలతలూ అవే. ఆయన పాత కాగితం తీసి నుదురు రుద్దుకున్నారు.

"తేదీ సరిగ్గానే చెప్పారా అమ్మా?"

"పోయిన యేడు కాదు, ఆ ముందటి యేడు ఎండకాలం సారూ. ఫోటోలు గూడ ఉన్నయి."

"అది ఫంక్షన్ సార్," అన్నాను. "అసలుది ఇంకా పద్నాలుగు నెలల ముందు."

అమ్మ ముఖం పాలిపోయింది. "అయ్యో, దవాఖానల అబద్దం చెప్పిన్నా నేను? పిల్లకేమన్న అయితదా సారూ?"

ఆయన నవ్వారు. "ఏమీ కాదు. ఓ పది నెలలు ఎక్కువ కష్టపడ్డారు, అంతే. ఇక మీరు చెయ్యి పెట్టక్కర్లేదు. వారానికి మూడు రోజులు తనే చేసుకుంటుంది."

కొత్త ఎక్స్‌రేలో ఇరవై రెండు వచ్చింది. ఒక డిగ్రీ కొలతలో వచ్చే తేడాకు లోబడిందే కనుక, వంపు తగ్గిందనను. పెరగలేదంటాను. బస్సులో అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, "ఇగ ఆపరేషన్ ముచ్చట ఖతం," అని పక్కసీటు ఆమెకు కూడా చెప్పింది. సారుకు ముందే ఎందుకు చెప్పలేదని మాత్రం నన్ను ఎప్పుడూ అడగలేదు. మరునాడు ఆమె అందరికంటే ముందే ఆటో ఎక్కింది. నేను పీట మీద కూర్చుని అద్దంలో చూసుకున్నాను. ఊపిరి లోపలికి వెళ్ళింది గానీ ఎక్కడ ఆగిందో తెలియలేదు.

ఇప్పుడు నేను కోదాడలో ఉంటాను. కాలువల వాలు కొలిచే ఉద్యోగం. మిల్లీమీటర్లతో పని. వ్యాయామం మానలేదు. అమ్మ నెలకోసారి వస్తుంది. పెద్దయిన కూతురిని ఊరికే తాకే అలవాటు మా ఇళ్ళల్లో లేదు. అలా తాకమని అడగడానికి నాకు మాటలు కూడా తెలియవు. పోయిన ఆదివారం నేను వంగి చెప్పులు తీస్తుంటే ఆమె అడిగింది.

"వీపేమన్న నొస్తుందా బిడ్డా?"

నొస్తుందంటే చెయ్యి పెడుతుంది. అరగంటయినా పెడుతుంది. రెండో చెప్పు కూడా తీశాను.

"లేదమ్మా," అన్నాను. నిజంగానే నొప్పి లేదు.

"మంచిది," అని, ఆమె తెచ్చిన చింతచిగురు పొట్లం విప్పుతూ వంటింట్లోకి వెళ్ళింది.