షుగర్‌బీట్ చేనులో ఏడో మనిషి

నేను రిటైరవడానికి మూడేళ్ల ముందు, మార్చి నెలలో, మాగ్డెబర్గ్ దగ్గరి ఒక పల్లెకు నన్ను సర్వే బాధ్యురాలిగా వేశారు. షుగర్‌బీట్ చేల గుండా కరెంటు కేబుల్ వెళ్లాలి. జర్మనీలో ఇలాంటి నేల తవ్వే ముందు యుద్ధకాలపు బాంబులు లేవని తేల్చి, ‘ఫ్రైగాబె’ అనే అనుమతిపత్రం మీద ఒకరు సంతకం చేయాలి. ఇక్కడి క్లాస్తాల్ యూనివర్సిటీలో జియోఫిజిక్స్ చదువు ముగిసిన నాటి నుంచి ఆ సంతకమే నా ఉద్యోగం.

మాగ్నెటోమీటర్‌ను చేనంతా సాళ్లుగా నడిపిస్తే నేలలోని ఇనుము తెర మీద మచ్చగా కనబడుతుంది. మొదటి వారంలోనే పెద్ద మచ్చలు వచ్చాయి. తవ్వితే విమానం ఇంజన్లు. రాత్రివేళ దాడికి వచ్చి కూలిన బ్రిటిష్ బాంబర్ అది. బాంబులేవీ మిగల్లేదని పోలీసు నిపుణులు తేల్చారు. పాత రికార్డుల ప్రకారం సిబ్బంది ఏడుగురూ చనిపోయారు. ఆరుగురిని ఊరివాళ్లు పూడ్చిపెట్టగా, తర్వాత సైనిక శ్మశానానికి మార్చారు. తోకలో తుపాకుల దగ్గర కూర్చునే ఏడో మనిషి మాత్రం దొరకలేదు.

ఆ సాయంత్రం నా సహోద్యోగి ఇమ్రాన్ నా దగ్గరికి వచ్చాడు. హైదరాబాద్ ఇంజనీరు, అప్పటికి నాతో ఐదారేళ్లుగా పనిచేస్తున్నాడు.

“పద్మక్కా, చేను పెద్దాయన ఏమంటుండంటే, విమానం గాల్లనే రెండు తునకలైందంట. తోక వాగు అవతల పడ్డదని వాళ్లమ్మ చెప్తుండేదంట.”

మ్యాప్ తెరిచాను. వాగు అవతల ఒక చిన్న మచ్చ ఉంది. అంత చిన్నవాటిని నాగలి ముక్కలుగా లెక్కేసి వదిలేయడం మా పద్ధతి. అయితే విమానం ఒళ్లంతా అల్యూమినియం, మా పరికరానికి కనబడదు. తోకలో ఇనుమంటూ ఉండేది తుపాకులే. అవి చిన్న మచ్చగానే కనిపిస్తాయి. కేబుల్ కందకం సరిగ్గా దాని మీదుగానే వెళ్లాలి.

కాంట్రాక్టు కంపెనీ మేనేజర్ ఒప్పుకోలేదు. “మీ పని బాంబులు వెతకడం. అక్కడ బాంబు లేదని మీ మ్యాపే చెబుతోంది. సంతకం పెట్టండి, సోమవారం యంత్రాలు వస్తున్నాయి,” అన్నాడు. ఆ మచ్చ ఏమిటో తేలకుండా ఆ నేలముక్కకు ఫ్రైగాబె ఇవ్వనన్నాను. అతను మా డైరెక్టర్‌కు ఫిర్యాదు చేశాడు. డైరెక్టర్ ఫోన్‌లో నన్ను ఒక్కటే అడిగాడు, ఎంత టైం కావాలని. రెండు రోజులన్నాను. సరేనన్నాడు.

యంత్రం పెట్టకుండా చేతిపారలతో తవ్వాం. ముందు తుప్పుపట్టిన తుపాకులు, ఆ తర్వాత ఒక బూటు అడుగు, దాని పక్కన ఎముకలు. మనిషి అవశేషాలు కనబడితే పని ఆపి పోలీసులకు చెప్పడం నియమం. వాళ్లు వచ్చేదాకా గుంత పక్కనే ఉన్నాం. ఇమ్రాన్ హెల్మెట్ తీసి, చేతులెత్తి దువా చదివాడు. నేనూ హెల్మెట్ తీసి అతని పక్కన నిలబడ్డాను.

గుర్తింపుకు ఏడాది పైనే పట్టింది. ఇంగ్లండ్‌లో ఉన్న అతని చెల్లెలి డీఎన్‌ఏతో సరిపోయింది. ఆ ఆరుగురి పక్కనే అంత్యక్రియలు జరిపారు. మమ్మల్నీ పిలిచారు. తొంభై దాటిన ఆ చెల్లెలు వీల్‌చెయిర్‌లో వచ్చి, నా చెయ్యి పట్టుకుని అడిగింది.

“మా అన్న మిగతావాళ్లకు బాగా దూరంగా పడ్డాడా?”

“లేదండీ. వాగు అవతలే. గట్టిగా పిలిస్తే వినబడేంత దూరం.”

ఆమె నవ్వేసింది. “అయితే పర్లేదు. మా అన్నది పెద్ద గొంతు.”

ఆ తర్వాత మా సంస్థ పద్ధతుల్లో ఒకటి చేర్పించాను. పరికరం చేలో దించకముందే ఊళ్లోని పెద్దవాళ్లతో మాట్లాడాలి. మాగ్నెటోమీటర్ ఇనుము ఎక్కడుందో చెబుతుంది, అది అక్కడికి ఎలా వచ్చిందో చెప్పదు. ఇప్పుడు నా స్థానంలో ఇమ్రాన్ ఉన్నాడు. కొత్త సర్వే మొదలైనప్పుడల్లా అతని మొదటి రోజు ఊళ్లోవాళ్ల వంటిళ్లలో కాఫీ తాగడంతోనే గడుస్తుందట.