నా కాన్ఫిడాంట్ చేసిన ప్రార్థన

ఆ రోజుల్లో మా వైపు ఒంటరితనం అనే జబ్బు ఒకటి ఉందని ఎవరికీ తెలియదు. ఇంటి మీద బెంగ అని ఉండేది గానీ, అది కొత్తగా కాపురానికి వెళ్ళిన పిల్లలకూ, హాస్టల్లో వేసిన పసివాళ్ళకూ వచ్చేది. నెలనెలా జీతం తీసుకునే టీచరుకి బెంగేమిటి, నవ్విపోతారు! అందుకని బందరులో ట్రైనింగు పూర్తిచేసి, దివిసీమలో ఒక ఊళ్ళో ఇంగ్లీషు టీచరుగా చేరిన కొత్తలో నాకు వచ్చిన జబ్బేమిటో తెలియక, దాన్ని చాలాకాలం అజీర్తి అనుకున్నాను. (వాము నీళ్ళు కూడా తాగాను. తగ్గలేదు.) గుడివాడలో మా ఇంట్లో తొమ్మిదిమందిమి, ఒకరి కంచంలోది ఒకరు లాక్కుని తినేవాళ్ళం. ఇక్కడ నా గదిలో నేనూ, ఒక కిరసనాయిలు స్టవ్వూ, గోడ మీద బల్లీ. బడి వదిలాక మర్నాడు పొద్దున్న దాకా నా నోటికి పనే ఉండేది కాదు. ఆదివారం సాయంత్రాలు గుడివాడ బస్సు వచ్చే వేళకు రోడ్డు మీదికి వెళ్ళి నిలబడేదాన్ని, మా ఊరి నుంచి వచ్చే మొహాలు చూడొచ్చని. ఊరికే నిలబడితే బాగుండదని ఇంటి నుంచి పార్సిలు రావాలని చెప్పేదాన్ని. కండక్టరు మంచివాడు. నన్ను చూడగానే "ఈ వారం కూడా రాలేదండీ" అని నొచ్చుకునేవాడు. కొన్నాళ్ళకు "పంపేవాళ్ళకైనా తెలియాలి కదండీ" అని నా తరఫున కోపం కూడా తెచ్చుకున్నాడు.

ఇలా ఉండగా ఫిఫ్తు ఫారం పాఠంలో ఒక రాజుగారి కథలో 'కాన్ఫిడాంట్' అనే మాట వచ్చింది. "అంటే ఫ్రెండేనాండీ?" అని అడిగారు పిల్లలు. "కాదమ్మా. ఫ్రెండుతో కబుర్లు చెప్తాం, సినిమాకెళ్తాం. ఇంకెవరికీ చెప్పుకోలేని మాట ఒకటి ఉంటుంది చూశారూ, అది ఎవరితో చెప్పుకుని గుండె బరువు దించుకుంటామో వాళ్ళు కాన్ఫిడాంట్. విన్న మాట వాళ్ళ దగ్గరే ఉండిపోవాలి. రాజుగారికి మంత్రి కాన్ఫిడాంట్, అలా వాడాలి" అని చెప్పాను. బాగానే చెప్పానని నాలో నేను మురుస్తుండగా ముందు బెంచీలో రెండు జడల పిల్ల లేచింది. "మరి మీ కాన్ఫిడాంట్ ఎవరండీ?" క్లాసంతా నా వంక చూసింది. "ఉన్నారు, కూర్చో" అన్నాను గంభీరంగా. ఆ రోజు అన్నం సహించలేదు. రాజుకైతే మంత్రి ఉన్నాడు, నాకెవరున్నారు? బల్లితో చెప్పుకోనా?

సరే, వెతుక్కుందామనుకున్నాను. ఇంటివాళ్ళ మామ్మగారు దేవతలాంటి మనిషే గానీ బ్రహ్మచెవుడు. ఆవిడకు ఒక గుట్టు చెప్పాలంటే ముందు రామాలయం అవతలి వీధికి వినబడేలా చెప్పాలి. మా హెడ్మిస్ట్రెస్ గారితో మాట్లాడాలంటేనే నాకు చెమటలు పట్టేవి. మిగిలింది కుట్టు టీచరుగారు. నలభై అయిదేళ్ళుంటాయి, భర్త పోయాడు, పిల్లలు లేరు. ఒకరి మీద ఒక మాట అనగా నేను వినలేదు. ఎప్పుడు చూసినా పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని కుట్టుకుంటూ ఉండేది. ఇంతకన్నా నోరు మూసుకున్న మనిషి దొరకదని నిశ్చయించుకుని ఒక సాయంత్రం వెళ్ళి ఆవిడ మిషను పక్కన కూర్చున్నాను.

"అక్కయ్యగారూ, మీకొకటి చెప్పాలండీ. ఎవరికీ చెప్పకూడదు."

"ఒట్టు పెట్టుకోకూడదని బైబిలు వాక్యంలో ఉంది గానీ, నా మాట మాటేనమ్మా. చెప్పు."

చెప్పేశాను. ఒక్కదాన్నీ ఉండలేకపోతున్నాననీ, రావలసిన పార్సిలేదీ లేదనీ, పరీక్షలవగానే ఎవరికీ చెప్పకుండా ఉద్యోగం మానేసి వెళ్ళిపోతాననీ. ఈ సంగతి హెడ్మిస్ట్రెస్ గారికి తెలిస్తే ఆ పరీక్షల దాకా కూడా ఉంచరని నా భయం. నడిమధ్యలో తీసేశారని తెలిస్తే, నన్ను చదివించడానికి పొలం అమ్మిన నాన్న మొహం ఎలా చూడాలి? ఆవిడ అన్నీ విని, నోట్లో సూదులు తీసి దిండుకు గుచ్చి, నా తల నిమిరింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. కాన్ఫిడాంట్ అనే మాటకు అర్థం ఇదన్నమాట, డిక్షనరీ రాసినవాడు బాగా రాశాడు అనుకున్నాను.

బుధవారం సాయంత్రం మా చర్చి ఆడవాళ్ళ ప్రార్థన కూటం. ఆ వారం ఒకరింటి అరుగు మీద పెట్టారు. హెడ్మిస్ట్రెస్ గారు సహా అందరూ ఉన్నారు. పాటలయ్యాయి, పాస్టరమ్మ గారు వాక్యం చెప్పారు, తరవాత కుట్టు టీచరుగారిని ప్రార్థన చేయమన్నారు. అందరం కళ్ళు మూసుకున్నాం. ఆవిడ గొంతు సవరించుకుంది.

"ప్రభువా, మా మధ్యన ఒక చెల్లి ఉంది తండ్రీ. ఆమె పేరు నేను చెప్పను. చెప్పనని మాటిచ్చాను. నీకు తెలుసు తండ్రీ. గుడివాడ నుంచి వచ్చింది, ఇంగ్లీషు చెప్తుంది. ఒక్కతే వండుకుని ఒక్కతే తింటోంది. రాని పార్సిలు కోసం బస్సు దగ్గర నిలబడుతోంది తండ్రీ. పరీక్షలవగానే ఉద్యోగం మానేసి వెళ్ళిపోదామనుకుంటోంది. ఆమె బెంగ తీసెయ్యి తండ్రీ. ఈ సంగతి ఎవరికీ తెలియకుండా కాపాడు తండ్రీ!"

నేను ఒక కన్ను తెరిచి చూశాను. అరుగు మీద ప్రతివాళ్ళూ ఒక కన్ను తెరిచి నన్నే చూస్తున్నారు. హెడ్మిస్ట్రెస్ గారు రెండు కళ్ళూ తెరిచి చూస్తున్నారు. "ఆమెన్" మాత్రం అందరూ గట్టిగానే అన్నారు.

సందు మలుపులో కుట్టు టీచరుగారిని ఆపాను. ఏడుపొక్కటే తక్కువ. "ఎవరికీ చెప్పనన్నారు కదండీ!"

"ఎవరికి చెప్పానమ్మా? దేవుడికేగా!"

"మనసులో చెప్పుకోకూడదటండీ?"

"మనసులో చెప్పుకుంటే ఆమెన్ ఎవరంటారే పిచ్చిపిల్లా?" అంది ఆవిడ, నిజంగానే ఆశ్చర్యపోతూ.

మర్నాడు హెడ్మిస్ట్రెస్ గారు కబురు పెట్టారు. వెళ్ళి నిలబడ్డాను. ఆవిడ కళ్ళజోడు మీదుగా చూసి, "చూడమ్మా, ఉద్యోగం మానాలంటే అర్జీ నాకు పెట్టాలి, దేవుడికి కాదు" అన్నారు. అంతటితో అయిపోయిందనుకున్నాను. "ఈ పూట భోజనానికి మా ఇంటికి రా. మట్టగిడస చేపల పులుసు పెట్టమన్నాను" అన్నారు అదే గొంతుతో.

ఇక అక్కణ్ణుంచీ నా గుమ్మం తెరిచి ఉంచాల్సి వచ్చింది. పొద్దున్న ఒకరు రొయ్యల వేపుడు, మధ్యాహ్నం ఒకరు గోంగూర, సాయంత్రం పాస్టరమ్మ గారి పిల్లలు. పెద్ద రైతుగారి ఇల్లాలు సున్నుండలు తెచ్చి, "మీ దేవుడితో చెప్పుకున్నారటగా, మాకూ తెలిసిందండీ" అంది. ఆదివారం నన్ను ఒంటరిగా నిలబడనివ్వకూడదని అరడజనుమంది నాతోపాటు బస్సు దగ్గరికి వచ్చారు. కండక్టరు కూడా ఊళ్ళో విని, గుడివాడలో మా ఇల్లు వెతుక్కుని వెళ్ళి సంగతంతా చెప్పాడట, ఒక ఆవకాయ జాడీ దించి నా చేతిలో పెట్టాడు. "మీ అమ్మగారు తిట్టమన్నారండీ, నాకు మొహమాటంగా ఉంది" అన్నాడు. ఒక గంట ఒంటరిగా దొరికితే బాగుండునని ఏడ్చే రోజులు కూడా వచ్చాయి. పరీక్షలదాకా ఉండలేననుకున్న ఊళ్ళో పదేళ్ళకు పైగా ఉండిపోయాను. కుట్టు టీచరుగారికి ఆ తరవాత నేనే గుట్టూ చెప్పలేదు. అయినా ఆవిడే కనిపెట్టి నాకోసం పేరు చెప్పని ప్రార్థనలు చాలానే చేసింది. ఆవిడ పోయి ఎన్నో ఏళ్ళయింది.

ఇప్పుడు రిటైరై బందరులో ఉంటున్నాను. మావారు పోయాక ఇల్లు మరీ పెద్దదైపోయింది. పక్కింట్లో నా ఈడు ఆవిడే ఒకరున్నారు, లైబ్రరీలో పనిచేసి మానేశారు. చదువుకున్న మనిషి, నెమ్మదస్తురాలు, ఆవిడకు చెప్పిన మాట గడప దాటదు. మొన్నామధ్య ధైర్యం చేసి ఆవిడతో, "ఆదివారాలు గడవడం లేదండీ" అన్నాను. నా చెయ్యి పట్టుకుని, "ఈ మాట నాలోనే ఉంటుంది, ఎవరికీ చెప్పను" అన్నారు. అచ్చం నేను పిల్లలకు పాఠం చెప్పినట్టే. ఆ ఆదివారం ఎందుకైనా మంచిదని కాస్త అన్నం ఎక్కువ వండి, వీధి తలుపు గడియ తీసి కూర్చున్నాను. చీకటి పడ్డాక నాకే నవ్వొచ్చి, లేచి గడియ పెట్టుకున్నాను. పాపం, ఆవిడ మాట నిలబెట్టుకున్నారు.