వంతుల హెడ్డుగారు

ఆయన ఇరవై ఆరేళ్లు ట్రాఫిక్ పోలీసు. పెద్ద ఊళ్లో నాలుగు రోడ్ల కూడలి మధ్య సిమెంటు దిమ్మ మీద నిలబడి, బస్సుకీ లారీకీ సైకిలుకీ ఎవరి వంతు వాళ్లకిచ్చిన మనిషి. తుపాకి పేల్చడం ఉద్యోగంలో చేరిన కొత్తలో నేర్చుకున్నాడు గాని, ఆ తర్వాత ఆయన చేతిలో ఈల తప్ప ఇంకోటి చూసినవాళ్లు లేరు. అలాంటివాణ్ణి యాభై మూడో ఏట హెడ్ కానిస్టేబుల్‌ని చేసి, పన్నెండుమంది సాయుధ పోలీసుల్ని అప్పగించి, కొండల పక్కనున్న ఒక పల్లెకి కోతల కాపలాకి పొమ్మన్నారు.

"పొలం గురించి మీకేం తెలుసని పంపుతున్నారండీ?" అంది భార్య, పెట్టెలో బట్టలు కుక్కుతూ.

"పొలం సంగతి వాళ్లు చూసుకుంటారు. పొలంలో ఉన్నవాళ్ల సంగతి నేను చూసుకోవాలి," అన్నాడాయన. అన్నాడే గాని, జీపు ఎక్కేటప్పుడు జేబులో ఈల ఉందో లేదో రెండుసార్లు తడిమి చూసుకున్నాడు.

ఆ పల్లెలో రెండేళ్లుగా గింజ ఇంటికి రాలేదు. కొండల్లో తుపాకులు పట్టినవాళ్లు తమ మాట కాదని ఎవరూ చేలో దిగకూడదన్నారు. దిగినవాళ్ల ట్రాక్టరు తగలబెట్టారు. ఒక రైతుని గట్టు మీదే మోకాలి మీద కాల్చారు. ఈ ఏడు పోలీసులు వస్తారన్న ఒక్క ధైర్యంతో జనం మొక్కజొన్న వేశారు. అది ఇప్పుడు ఆరడుగుల మనిషిని మింగేసేంత ఎత్తున పెరిగి, కంకులు ఎండి, కోతకి సిద్ధంగా ఉంది.

పోలీసులకి బస మూతపడిన గిడ్డంగిలో. మొదటి రోజు తెల్లారేసరికి గుమ్మం ముందు నలభైమంది.

"మా చేనుకి ఇద్దర్ని పంపండి సార్, చాలు!"

"ముందు నేనొచ్చానండీ!"

ఎవరికీ కాదనలేకపోయాడు. చేనుకిద్దరు చొప్పున ఆరు చేలకి పంచిపెట్టాడు. మూడో రోజు పొద్దున, చివరి చేనులో తూటాలు పేలాయి. కాపలాకున్న ఇద్దరూ వీపుకి వీపు ఆనించి నిలబడ్డారు గాని, చుట్టూ గోడలా మొక్కజొన్న. ఎటునుంచి కాలుస్తున్నారో అంతు చిక్కలేదు. ఒకడికి తొడలో తగిలింది. ఆ చేను ఆలుమగలు మోచేతులు కొట్టుకుపోయేలా పాకి ఊళ్లో పడ్డారు. దెబ్బ తగిలినవాడి చెయ్యి పట్టుకుని హెడ్డుగారు ఆస్పత్రిదాకా జీపులో కూర్చున్నాడు. అడిగినవాళ్లందరికీ ఒకే మాట చెప్పాడు: "తప్పు నాది." పై అధికారికి రాసిన కాగితంలోనూ అదే రాశాడు.

తిరిగొచ్చాక నిచ్చెన వేసుకుని గిడ్డంగి కప్పెక్కాడు. ఇటు ఊరు, అటు చెట్లు, ఆ వెనక కొండలు. మధ్యలో మైలు పొడుగునా పచ్చటి, పసుపుపచ్చటి మొక్కజొన్న. చాలాసేపు నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు. నాలుగువైపులా ఒకేసారి వదిలితే కూడలిలో ఏమవుతుందో ఆయనకి బాగా తెలుసు. ఇక్కడ తను చేసింది అచ్చంగా అదే.

మర్నాడు అందర్నీ గిడ్డంగిలోకి పిలిచాడు.

"రేపట్నుంచి నాతో కలిపి పన్నెండుమందిమీ ఒక్క చేను చుట్టే ఉంటాం. మీరూ అంతే. ఊరంతా కలిసి ఒక్క చేలో దిగండి. ఊరివైపు నుంచి మొదలెట్టి చెట్లవైపు పోదాం. ఇంకోటి, కంకులు విరిచి ఊరుకుంటే కుదరదు. చొప్ప కూడా ఆ రోజే నేల మీద పడాలి. నిలబడి ఉన్న చొప్ప వెనక ఏనుగు దాక్కున్నా నాకు కనబడదు."

గిడ్డంగి కప్పెగిరిపోయేంత గోల. అందరికంటే పెద్ద గొంతు ఒక పెద్దాయనది. ఆయనకీ ఆయన తమ్ముడికీ గట్టు తగాదా. పదకొండేళ్లుగా ఇద్దరూ ఉప్పూ నిప్పూ.

"వాడి చేలో కాలు పెట్టడం కంటే కొండ మీది తుపాకీకి ఎదురెళ్లడం నయం!"

"సరే, వెళ్లకండి," అన్నాడు హెడ్డుగారు నిదానంగా. "మీ చేను కోసే రోజు మీ తమ్ముడూ రాడు. మేమిక్కడుండేది లెక్కపెట్టిన రోజులే, పని రెండు రోజులు సాగుతుంది. మేం ఎండలో నిలబడతాం, అది మా ఉద్యోగం. కాని చెట్ల పక్క చేను ఉన్న ఆ అమ్మకి రెండు రోజులు తగ్గిపోతాయి. ఆ మాటేదో ఆమెకి మీరే చెప్పండి."

ఆ అమ్మ మంత్రసాని. ఊళ్లో సగంమందికి పురుడు పోసిన మనిషి. మూలన కూర్చున్నదల్లా లేచింది.

"ఇద్దర్నీ ఈ చేతుల్తోనే బయటికి లాగాన్రా! ఇలా తయారవుతారని తెలిస్తే అప్పుడే మళ్లీ లోపలికి తోసేద్దును!"

గిడ్డంగి ఘొల్లుమంది. పెద్దాయన ముఖం కందగడ్డలా అయింది గాని, మర్నాడు కొడవలి పట్టుకుని వచ్చాడు. తమ్ముడూ వచ్చాడు. ఒకడు ఆ కొసన, ఒకడు ఈ కొసన. మాటలు కలవలేదు, కొడవళ్లు నూరే రాయి మాత్రం ఇద్దరి మధ్యా తిరిగింది.

హెడ్డుగారు రోజూ వెలుగు రాగానే తన వాళ్లతో చేను సాలుసాలూ నడిచి చూసేవాడు. తర్వాత పోలీసులు ముఖాలు బయటికి, వీపులు రైతులకి పెట్టి చుట్టూ నిలబడేవారు. ఒక ఈల వేస్తే ఆగాలి, రెండు వేస్తే దగ్గరికి రావాలి, సాగదీసి వేస్తే పంటకాలువలోకి దూకాలి. ముసలివాళ్ల దగ్గర్నుంచి అందరిచేతా అది సాధన చేయించాడు. నవ్వుకుంటూ దూకారు. "వంతుల హెడ్డు" అని పేరూ పెట్టారు. తూటాలాపే కోట్లు పన్నెండుమందికి ఆరే ఉండేవి. వాటికీ వంతులే. తన వంతు వచ్చినప్పుడు మాత్రం ఆయనకి ఎప్పుడూ ఉక్కగానే ఉండేది. "నువ్వేసుకోరా బాబూ, నాకు చెమట పొక్కులు," అని పక్కవాడికి తొడిగేవాడు.

ఇంకా రెండు చేలున్నాయనగా ఫోనొచ్చింది. రేపు పొద్దున్నే బలగం వేరే చోటికి బయల్దేరాలి.

"ఒక్క రోజివ్వండి సార్," అన్నాడు.

"ఒక్క గంట కూడా కష్టమయ్యా."

"అయితే రేపు సాయంత్రందాకా ఇవ్వండి. చివరి చేను ఇక్కడి మంత్రసానిది, ఆమెకి మాటిచ్చాను సార్. ఇప్పుడు ఆమెని వదిలేసి పోతే, వచ్చే ఏడు ఎవరూ నమ్మి విత్తరు."

"రేపు సాయంత్రం ఆరింటికి జీపుల్లో ఉండాలి," అన్నాడు అధికారి.

మర్నాడు మధ్యాహ్నానికే ఒక చేను పూర్తి చేసేశారు. మంత్రసాని చేను మూడొంతుల్లో రెండొంతులు పడింది. అప్పుడు చెట్లలోంచి కాల్పులు మొదలయ్యాయి. హెడ్డుగారు సాగదీసి ఈల వేశాడు. నవ్వుకుంటూ నేర్చుకున్నదే అయినా, అరవైమంది దాకా రెప్పపాటులో కాలువలో ఉన్నారు. ఆయన వంగి పరుగెడుతూనే తలలు లెక్కపెట్టాడు. ఇద్దరు తక్కువ. వెనక్కి చూస్తే, చొప్ప మోళ్ల మధ్య తమ్ముడు కాలు మడతపడి కూలబడ్డాడు. పెద్దాయన వాణ్ణి భుజాలు పట్టి ఈడుస్తున్నాడు.

హెడ్డుగారు వాళ్లకి అడ్డంగా మోకాలి మీద కూర్చుని, చెట్లవైపు కాల్చాడు. గురి కుదిరిందో లేదో ఆయనకే తెలియదు. వాళ్లిద్దరూ కాలువలోకి దొర్లేదాకా మాత్రం అక్కణ్ణుంచి కదల్లేదు. పక్కన రాయికి తగిలిన తూటా పగిలి, దాని ముక్క ఎడమ చెవిని చీల్చింది. మిగతా పోలీసులు నలువైపుల నుంచీ అక్కడికి కమ్ముకున్నారు. కోసిన మేర చొప్ప నేల మీదే ఉండటంతో, ఎటు కాల్చాలో వాళ్లకి స్పష్టంగా కనబడింది. వైర్‌లెస్‌లో పిలిస్తే అరగంటలో ఇంకో పదిహేనుమంది వచ్చారు. కొండలవాళ్లు వెనక్కి తగ్గారు.

తలకి కట్టు కట్టించుకుంటూ ఆయన మిగిలిన మొక్కజొన్న చూశాడు.

"పోనీలే నాయనా, మిగిలింది పిట్టలు తింటాయి," అంది మంత్రసాని.

"ఇప్పుడు ఇరవై ఏడుమందిమి ఉన్నామమ్మా. ఇష్టమైనవాళ్లే రండి, బలవంతం లేదు," అన్నాడాయన కాలువవైపు తిరిగి.

ముందుగా పెద్దాయన లేచాడు, బురద దులుపుకోకుండానే. తర్వాత ఒక్కరు కూడా కాలువలో మిగల్లేదు. కాలు బెణికిన తమ్ముడు గట్టు మీద కూర్చుని సంచుల మూతులు కుట్టాడు. అయిదున్నరకి ఆఖరి సంచి బండెక్కింది. ఆరింటికి జీపులు కదిలాయి.

ఎడమ చెవి మళ్లీ వినబడలేదు. అయినా ఆయన ఇంకో రెండు పంటకాలాలు నాలుగు పల్లెల్లో అదే పద్ధతిన కోతలు కోయించాడు. పై అధికారులు దానికి కాగితాల మీద ఏదో పొడుగాటి పేరు పెట్టి మిగతా చోట్ల కూడా అమలు చేశారు. మొదటి పల్లెలో మరుసటి ఏడు కొత్త హెడ్డు వచ్చేసరికి, ఏ చేను ఏ రోజో రైతులే గిడ్డంగి గోడ మీద సుద్దతో రాసి ఉంచారట. పంపకంలో అన్నదమ్ముల చేలు పక్కపక్క రోజులకే పడ్డాయి.

పదవీ విరమణ రోజున స్టేషన్లో ఎవరో ఆయన ధైర్యం గురించి నాలుగు మాటలు చెప్పబోయారు. ఆయన కుర్చీలో ఇబ్బందిగా కదిలి, మధ్యలోనే అందుకున్నాడు.

"నా చేతిలో తుపాకి ఉందండీ. వాళ్ల చేతుల్లో కొడవళ్లే. ఎదురుగా కొండ ఉందని తెలిసి కూడా, నన్ను నమ్మి తల వంచుకుని పని చేసుకున్నారు. చెప్పాలంటే వాళ్ల గురించి చెప్పండి."

ఆ తర్వాత టీ ఇచ్చారు. అందరి ఫొటోలూ తీశారు. కుడివైపు కూర్చున్నవాళ్లతో కబుర్లు చెప్పుకుంటూ, ఆయన చీకటి పడకముందే భార్యతో కలిసి బస్సెక్కి ఇంటికెళ్లిపోయాడు.