అరిగిన రాజు మొహం

ఎనభై ఎనిమిదిలో, రంగూన్‌లో సైనిక పాలనకి వ్యతిరేకంగా ఊరేగింపులు జరుగుతున్న రోజుల్లో, తామ్వే దగ్గర సైనికులు మా బస్సు ఆపేశారు. పక్క సీట్లో తెలుగు ముసలమ్మ. ముందురోజే కొడుకుని పట్టుకెళ్ళిపోయారట. మెళ్ళో వెండిబిళ్ళని బొటనవేలితో రుద్దుతూ మొక్కుకుంటోంది.

"మా తాతలు సికాకోలు నుంచి తెచ్చుకున్న దేవుడు బాబూ," అని చూపించింది. పసుపు కింద ఆకుల కిరీటం, అరిగిన ముక్కు. నేను పుస్తకాల్లో చూసినదే.

"దేవుడు కాదమ్మా, రోము చక్రవర్తి. వెండి నాణేల మీద తన మొహం వేయించుకుని, వాటితోనే సైనికులకి జీతాలిచ్చేవాడు. ఓడల్లో మన తీరానికొచ్చాయి."

ఆవిడ బొటనవేలు ఆగిపోయింది. కిటికీలోంచి తుపాకుల వైపు చూసింది.

"ఏటీ, రాజు మొకమా? మరిలాగ అరగడానికి ఎన్నేళ్ళు పట్టినాది బాబూ?"

రెండువేల ఏళ్ళని నోటిదాకా వచ్చింది. "తెలీదమ్మా," అన్నాను.

ఆవిడ మళ్ళీ రుద్దడం మొదలుపెట్టింది. ఈసారి ఇంకా గట్టిగా.