రాహుకాలం దాకా ఉడికిన సూప్

నా భర్త అన్న, అంటే మా బావ, వంటింటి గడప ఎప్పుడూ తొక్కేవాడు కాదు. ఆ గురువారం పొద్దున మాత్రం లోపలికొచ్చి నా బిడ్డ తల నిమిరాడు.

“పట్నం సారు తిననీకి వస్తుండు బిడ్డా. మన పచ్చిపులుసు గిట్ల పెట్టకు. నువ్వు నేర్చుకున్న గా ఫారిన్ వంట చెయ్యి.”

బిడ్డ పట్నంలో సుచిత్ర చౌరస్తా దగ్గర హోటల్ వంటల కోర్సు చదువుతోంది. ఫీజు బావే కడుతున్నాడు. నా భర్త పోయాక మేమిద్దరం శామీర్‌పేట దగ్గర బావ ఇంట్లోనే ఉంటున్నాం. నాకంటూ మిగిలింది బావి కాడి రెండెకరాలు. బోరుకు లోను తెస్తానని, కాగితం మీద వేలిముద్ర వేయమని బావ వారం నుంచి అడుగుతున్నాడు. లోను ఇప్పించేది ఈ సారేనట. అయితే మొన్న గడ్డికి పోయినప్పుడు ఇద్దరు మనుషులు నా పొలం చుట్టూ టేపు పట్టి కొలవడం చూశాను. బోరుకు పొలమంతా ఎందుకు కొలుస్తారు?

“బిడ్డతోని ఒకసారి చదివించుకుంట బావా” అన్నాను.

“అంటే నేను దొంగనా?” అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు చూశాకే నాకు భయమేసింది.

బిడ్డ నేర్చుకున్న వంటను పొరలు పొరలుగా పేర్చి ఓవెన్‌లో కాలుస్తారట. పేరు లసాన్యా. మా ఇంట్లో ఓవెన్ లేదు కాబట్టి అదే రుచితో సూప్ చేస్తానంది. ఉల్లిగడ్డ, ఎల్లిపాయ వేయించి, ఖీమా వేసి నీరు ఇగిరేదాకా కలిపింది. టమాటలు చిదిమి వేసింది. వెడల్పాటి పాస్తా రేకులను విరిచి మరుగుతున్న పులుసులో వేసింది.

పన్నెండింటికి సారు కారు దిగాడు. ముందు గదిలో బావ స్టాంపు కాగితం, సిరా డబ్బా పెట్టాడు. సారు గొంతు వంటింట్లోకి వినిపించింది.

“ఒకటిన్నరకి రాహుకాలమండీ. ఈలోపే అయిపోవాలి. రేపు అమావాస్య, నేను కాగితం ముట్టుకోను.”

“ఏమ్మా, జల్దీ రా. ఒక్క ముద్రనే గదా” అని బావ పిలిచాడు.

“సిరా చేత్తోని ఎట్ల వడ్డిస్త బావా? ముందు తిననియ్యి. అయిపోవస్తాంది.”

“వాసన బాగుంది. తినే చేద్దాం లెండి” అన్నాడు సారు.

నేను మంట తగ్గించాను. రేకులు ఉబ్బి పులుసంతా తాగేస్తున్నాయి. చెంబెడు నీళ్లు పోశాను. బిడ్డ నా ముఖం చూసింది. ఇంకో నాలుగు రేకులు విరిచి వేసింది. మళ్లీ నీళ్లు పోశాను.

“వండుతున్నరా, నాట్లేస్తున్నరా?” అని బావ అరిచాడు.

ఒకటీ ఇరవైకి బావ తలుపు దగ్గరికొచ్చి “ఇగ చాలు, రా” అన్నాడు. నేను పొగలు కక్కే గిన్నెతో ఆయనను దాటుకుని పోయి సారు ముందు పెట్టాను. పైన చీజ్ తీగలుగా సాగుతోంది. సారు ఊదుకుంటూ నెమ్మదిగా తిన్నాడు. తింటున్న మనిషిని లేపడం బావకు చేతకాలేదు. బిడ్డ రెండోసారి వడ్డించింది.

సారు తలెత్తేసరికి ఒకటీ నలభై అయింది.

“అయ్యో” అని చెయ్యి కడుక్కున్నాడు. “మూడింటిదాకా ఆగలేనండీ. సోమవారం వస్తాను.”

కారు వెళ్లిపోయాక బావ వచ్చి గిన్నెలోకి చూశాడు. పులుసు ఇంకిపోయి అడుగున ముద్ద మిగిలింది.

“సోమారం వంట పెట్టుకోకు” అన్నాడు మెల్లగా.

ఆ సాయంత్రమే బిడ్డను పక్కన కూర్చోబెట్టుకున్నాను. నాలుగు రోజుల్లో చదువు రాదని తెలుసు. అమ్మకానికి ఏమని రాస్తారో ఆ ఒక్క మాట చూపించమన్నాను. “‘విక్రయ’ అని ఉంటదమ్మా” అని రాసిచ్చింది. నేను గుర్తుపట్టిన మొదటి మాట అదే. అమ్మ, ఆవు తర్వాత వచ్చాయి.

సోమవారం బావ పొద్దున్నే బిడ్డను క్లాసుకు పంపేశాడు. సారు వచ్చాడు. బావ కాగితం నా ముందు పరిచి, నా బొటనవేలు పట్టుకుని సిరాలో ముంచాడు. ఆ మాట కాగితం పైనే ఉంది, పెద్ద అక్షరాల్లో.

వేలు వెనక్కి లాక్కుని చీరకు తుడుచుకున్నాను. “వెయ్య బావా. ఇది అమ్మకం కాయితం.”

బావ లేచి పోయి బయటి తలుపుకు లోపల్నుంచి గడియ పెట్టాడు.